జంట గీత

ఆ సోమవారం పొద్దున ఆసుపత్రి వంటగదిలో చీటీలకు పిచ్చెక్కింది.

మూల బల్ల మీది కంప్యూటరు ఆదివారమే మారింది. పాతది పొగ కక్కి చచ్చిపోతే, దాని స్థానంలో కొత్తది పెట్టి, పాత ప్రోగ్రామునే అందులోకి ఎక్కించి వెళ్ళారు. ప్రింటరు మాత్రం పాతదే. అది ఎప్పటిలాగే కిర్రుకిర్రుమంటూ కాగితాన్ని బయటికి నెడుతోంది. తొంభై మంది రోగులకు తొంభై చీటీలు. ఒక్కో చీటీ చుట్టూ డబ్బా గీసి ఉండాలి. లోపల మంచం నంబరు, పేరు, పెట్టాల్సిన తిండి రకం ఉండాలి. ఇవాళ లోపలి మాటలు బాగానే ఉన్నాయి గానీ చుట్టూ డబ్బా లేదు. గీతలుండాల్సిన చోట ఏ దేశం వాళ్ళవో తెలియని అక్షరాలు బారులు తీరి నిలబడ్డాయి. కొన్ని ఏకంగా లోపలి మాటల మీదికి తోసుకొచ్చాయి.

సూపు కాచే ఆయన ఒక చీటీ తీసుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇదెవరో నాకు శాపం పెడుతున్నట్టుంది," అన్నాడు. అందరూ నవ్వారు. డైటీషియన్ మేడమ్ నవ్వలేదు. ఫోన్లో ఎవరినో కడిగి పారేసి వచ్చి, "కంప్యూటరాయన సాయంత్రానికి గానీ రాడట. అప్పటిదాకా లోపలున్న మాటలు చూసుకుని కానిచ్చేయండి," అంది.

ఆ మాట అందరికీ సుళువుగానే వినిపించింది, ఒక్క పళ్ళేలక్కకు తప్ప.

పళ్ళేలక్క ఆ వంటగదిలో మధ్యాహ్నం భోజనాల వరస మీద నిలబడే మనిషి. వరస అంటే పన్నెండడుగుల స్టీలు బల్ల. ఒక కొసన చీటీలు పెట్టిన ఖాళీ పళ్ళేలు, మధ్యలో ఆవిరి కక్కే గిన్నెలు, రెండో కొసన మూతలు. చీటీ చూడాలి, ఆ రకానికి తగిన గిన్నెలో గరిటె ముంచాలి, పళ్ళెం గళ్ళల్లో సర్దాలి, మూత పెట్టాలి, మూత మీద చీటీ గుచ్చాలి, బండిలోకి తోయాలి. పళ్ళేనికి పావు నిమిషం. పదకొండేళ్ళుగా ఆమె చేతిలో ఒక్క పళ్ళెం తప్పలేదు. చీటీని చేత్తో ముట్టుకోకుండానే దూరం నుంచి చూసి గరిటె ఎత్తేస్తుందని, అక్కవి డేగ కళ్ళని అందరూ చెప్పుకుంటారు.

ఆమెకు చదవడం రాదు. ఈ సంగతి వంటగదిలో ఎవరికీ తెలియదు.

అంకెలు వచ్చు, బస్సులూ గడియారాలూ నేర్పిన అంకెలు. తన పేరు గీయడం వచ్చు. ఇక చీటీలంటారా, వాటి గుట్టు చేరిన మొదటి వారంలోనే పట్టేసింది. ప్రోగ్రాము రాసిన మహానుభావుడెవరో గానీ మామూలు తిండికి ఒంటి గీత డబ్బా వేశాడు. ఉప్పు లేని తిండికి జంట గీత డబ్బా. నమలలేనివాళ్ళకు పెట్టే మెత్తని గుజ్జుకైతే గీత కాదు, మసక మచ్చల అంచు. ఉన్నవి ఆ మూడు రకాలే. మిగతావాళ్ళు ఆ గీతల వంక చూసి కూడా ఎరగరు, వాళ్ళకు లోపలి మాటలు చాలు. వరస మీద నిలబడేవాళ్ళకు చదవడం వచ్చి తీరాలని తలుపు పక్కన బోర్డు మీద రాసి ఉందట. ఆమె దాన్ని కూడా చదవలేదు, ఎవరో అనుకుంటుంటే విన్నది.

ఇవాళ ఆ గీతలే లేవు. చీటీల కట్ట తీసుకుని కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఒక్కొక్కటే చూసింది. కొన్నిటి చుట్టూ గుడిసెలాంటి అక్షరం, నెత్తిన రెండు చుక్కలు, మొదటి నుంచి చివరిదాకా అదే. కొన్నిటికి నిటారు కర్ర, దాని నెత్తిన పక్కకు వాలిన చిన్న గీత. ఇంకొన్నిటికి ఒక అడ్డగీత మీద నిలబడ్డ కూడిక గుర్తు. నాలుగో రకం లేదు. మూడో మంచం ఆయన ఉప్పు లేని మనిషని ఆమెకు ముందే తెలుసు. ఆయన చీటీ చుట్టూ వాలుగీత కర్రలున్నాయి. తొమ్మిదో మంచం ఆయనకు గొంతు ఆపరేషను అయింది, ఆయనకు కూడిక గుర్తులు. పావుగంట పట్టలేదు ఆమెకు.

ఆ మధ్యాహ్నం చీటీలు సరిచూసే వాళ్ళంతా వాటిని ముక్కుకు ఆనించుకుని తిట్టుకుంటుంటే, పళ్ళేలక్క మూరెడు దూరం నుంచే గరిటె ఎత్తింది. బండి తోసే ఆయన అది చూసి ఆశ్చర్యపోయాడు. నలభై దాటిన మనిషి. సూపు ఒలకకూడదని నడిచే నడకను బట్టి వంటగది అతనికి నిదానం అని పేరు పెట్టింది.

"ఈ కోడిగీతల మధ్య నీకు ఎలా కనపడుతోందక్కా?" అన్నాడు.

"చూడాలన్న బుద్ధి ఉంటే అన్నీ కనపడతాయి," అంది పళ్ళేలక్క. ఆ పూట కాస్త గర్వంగానే ఉంది ఆమెకు.

కంప్యూటరాయన నాలుగింటికి వచ్చాడు. బక్కపలచటి మనిషి. సంచీ భుజాన్నుంచి దించకుండానే కూర్చున్నాడు. తెరంతా నలుపు, దాని మీద తెల్లటి అక్షరాలు, మౌసుతో నొక్కే బొమ్మలేవీ లేని పాతకాలం ప్రోగ్రాము. పళ్ళేలక్క మూతలు తుడిచే గుడ్డ తీసుకుని ఆ మూలకు చేరింది. ఆ మూలలో తుడవాల్సిన మూతలేమీ లేవు.

"బాగుపడుతుందా సార్?"

"చెడితే కదమ్మా బాగుపడ్డానికి. వివరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. గీతలే పోయాయి."

"గీతలెక్కడికి పోతాయి?"

అతనికి ఆ ప్రశ్న నచ్చింది. ఇలాంటివి అడిగేవాళ్ళు అతనికి దొరకరు. కుర్చీ కొంచెం జరిపి ఆమెకు తెర కనపడేలా కూర్చున్నాడు. "ఈ ప్రోగ్రాముకి బొమ్మ గీయడం రాదు. అక్షరాలు రాయడమే వచ్చు. అందుకని ఆ రోజుల్లో గీతల్ని కూడా అక్షరాల్లోనే కలిపేశారు. ఎడమవైపు పై మూల ఒక అక్షరం, కుడివైపు పై మూల ఇంకోటి. అడ్డగీత ముక్క ఒకటి, నిలువుగీత ముక్క ఒకటి. దేని నంబరు దానిదే. ఒక మూల, ఇరవై అడ్డగీతలు, ఇంకో మూల. కింద లైన్లో ఒక నిలువు, మధ్యలో మాటలు, మళ్ళీ నిలువు. ఇటుకలు పేర్చినట్టు పేర్చుకుంటూ పోతే డబ్బా తయారవుతుంది."

"అయితే అవి గీతలు కావా?"

"మనకి గీతలే. దానికి మాత్రం అక్షరాలు."

పళ్ళేలక్క చేతిలో గుడ్డ ఆగింది. పదకొండేళ్ళుగా తను చదువుతున్నది అక్షరాలనేనన్నమాట. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకుంటే ఏమవుతుందో కూడా తెలుసు కాబట్టి ఊరుకుంది.

"జంట గీత ఉంది చూశారూ, దాని నంబరు రెండువందల ఐదు," అన్నాడతను. "పాత మెషీను ఆ నంబరు వస్తే జంట గీత వేసేది. ఈ కొత్తదాని అక్షరాల పట్టీలో రెండువందల ఐదు దగ్గర పరాయి భాష అక్షరం కూర్చుని ఉంది. ప్రోగ్రాము తన నంబరు తను పంపిస్తోంది. ఇది తనకి తెలిసింది తను వేస్తోంది. ఇద్దరిదీ తప్పు లేదు."

"మరైతే అలాగే వదిలేయండి సార్. మాకేం ఇబ్బంది లేదు."

"పొద్దున మీ మేడమ్ నన్ను ఉతికి ఆరేసింది. ఇబ్బంది లేదంటారేంటి," అని అతను టకటకా మీటలు నొక్కడం మొదలుపెట్టాడు. "మూలలకి కూడిక గుర్తు, అడ్డానికి తీసివేత గుర్తు, నిలువుకి నిలువుగీత. ఈ మూడూ ఏ మెషీన్లోనైనా ఒకేలా వస్తాయి. ఇక జన్మలో మీకీ బాధ ఉండదు."

ప్రింటరు నాలుగు చీటీలు కక్కింది. శుభ్రంగా ఉన్నాయి. నాలుగిటికీ చుట్టూ ఒకే డబ్బా. నాలుగు మూలలా కూడిక గుర్తులు, వాటి మధ్య చిన్న చిన్న తీసివేత గుర్తులు. ఏది ఉప్పు లేనిదో ఏది గుజ్జో ఆమెకు తెలియలేదు.

"ఇదివరకు ఉప్పు లేనివాటికి జంట గీత వచ్చేది సార్. గుజ్జుకి మసక అంచు."

"వచ్చేదా?" అతను తెర మీది పాత లైన్లని పైకి జరిపి చూశాడు. "నిజమే, మూడు రకాలు పెట్టాడు. ఎవరో తీరికున్న మనిషి. అదంతా అలంకారమమ్మా. ఏ రకమో లోపల మాటల్లో రాసే ఉందిగా."

"దూరం నుంచి తెలుస్తుందని. వాటికి ఇంకేదైనా గుర్తు పెట్టకూడదా? ఏ చుక్కో, నక్షత్రమో."

"పెట్టొచ్చు, ఐదు నిమిషాల పని. మీకేం కావాలో ఒక కాగితం మీద రాసి, మేడమ్ చేత సంతకం పెట్టించి ఇవ్వండి. నోటిమాట మీద చేస్తే రేపు ఎందుకు చేశావని నా పీక పట్టుకుంటారు."

"అలాగే సార్, రాసిస్తాను," అంది పళ్ళేలక్క, రోజుకు పది కాగితాలు రాసి పడేసే మనిషిలా.

వెళ్ళబోయే ముందు డైటీషియన్ మేడమ్ దగ్గర ఆగింది. పాత గీతలే బాగుండేవనీ, ఒక ముక్క రాసిస్తే ఆయన మళ్ళీ పెడతాడనీ చెప్పింది. మేడమ్ రేపటి కూరగాయల జాబితాలోంచి తలెత్తలేదు. "నీ కళ్ళకి గీతలు కూడా కావాలా అక్కా. చీటీ శుభ్రంగా వస్తోంది, అదే పదివేలు," అంది.

*

మంగళవారం పళ్ళేలక్క అత్తగారి పాత కళ్ళజోడు ఆప్రాను జేబులో వేసుకుని వచ్చింది. దానికి ఒక కాడ లేదు, ఒక అద్దానికి నిలువునా చీలిక. కొత్తగా కళ్ళజోడు ఇచ్చారనీ, పెట్టుకున్న రెండో రోజే పగిలిందనీ అందరికీ చూపించింది. డేగకి కళ్ళజోడేమిటని సూపు కాచే ఆయన ఏడిపించాడు. నిదానం మాత్రం బండి పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు.

"నేను చదువుతాను, నువ్వు పెట్టక్కా."

అతను నడిచినట్టే చదివేవాడు. "మూడు. ఉప్పు లేదు. నాలుగు. మామూలు. ఐదు. మామూలు. ఆరు. ఉప్పు లేదు." కొంతసేపటికి అతని గొంతుకూ ఆమె గరిటెకూ జత కుదిరింది. వరస అయిదు నిమిషాలు ఆలస్యమైంది గానీ పళ్ళేలు తప్పలేదు. ఆమె గరిటె తిప్పుతూనే మనసులో మంచాలు లెక్క పెట్టుకుంది. ప్రత్యేకమైనవి ఇరవై ఆరు. ఉప్పు లేనివి పంతొమ్మిది, గుజ్జువి ఏడు. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో కూడా ఆ ఇరవై ఆరింటినీ వల్లె వేసింది.

బుధవారం పొద్దున నిదానాన్ని అడిగి కొత్తగా చేరిన ఇద్దరి సంగతి తెలుసుకుంది, వెళ్ళిపోయిన ముగ్గురినీ మనసులో కొట్టేసింది. మధ్యాహ్నం వరస మొదలయ్యే వేళకు రెండో లిఫ్టు ఆగిపోయింది. పై అంతస్తు ఎంగిలి పళ్ళేలన్నీ మెట్ల మీదుగా దించాలని నిదానాన్ని పిలుచుకుపోయారు. ఆమె పది నిమిషాలు ఆగి చూసింది. గిన్నెల మీద ఆవిరి తగ్గుతోంది. సూపు కాచే ఆయన, "అక్కా, ఇది చల్లారితే మళ్ళీ కాచడం నా వల్ల కాదు," అన్నాడు. అతన్ని చదవమని అడగొచ్చు. అడిగితే చదువుతాడు కూడా, కానీ నిన్న డేగ అన్నవాడు ఇవాళ ఇంకోటి అంటాడు, ఆ తర్వాత అసలు కళ్ళజోడు నీదేనా అంటాడు. ఆమె గరిటె అందుకుంది.

నంబర్లు చూసుకుంటూ, గుర్తున్నది పెట్టుకుంటూ పోయింది. తొమ్మిదో మంచానికి గుజ్జు. ఏడో మంచానికి మామూలు, అంటే గట్టి రొట్టె ముక్కలు, ఉడికించిన కూర. చేతులు కడుక్కుని కూర్చున్నాక, ఇలాగే నడిపేయవచ్చనిపించింది.

ఆ పొద్దున ఆమె నిదానాన్ని అడిగిన తర్వాత, టిఫిను అయ్యాక, తొమ్మిదో మంచం గొంతు ఆపరేషనాయన్ని కిటికీ గాలి తగులుతుందని ఏడో మంచానికి మార్చారు. ఏడులో ఉన్నాయన్ని తొమ్మిదికి మార్చారు. ప్రోగ్రాములో ఆ మార్పు ఎక్కింది. కొత్త చీటీల్లో కూడా సరిగ్గా అచ్చయింది. ఏడో నంబరు డబ్బాలో గుజ్జు అనే రాసి ఉంది.

నాలుగు రోజులుగా గుజ్జు తిని విసిగిపోయిన గొంతాయన రొట్టె చూసి సంబరపడ్డాడట. రెండో ముక్క అడ్డం పడింది. నర్సు పరిగెత్తుకొచ్చి బోర్లా వంచి వీపు మీద చరిచి తీసింది. మనిషి బతికాడు. లోపల కుట్లు రెండు తెగాయి, మళ్ళీ ఆపరేషను గదికి తీసుకెళ్ళారు.

వార్త వంటగదికి చేరేసరికి పళ్ళేలక్క మూతలు తుడుస్తోంది. ఏడో మంచం అనగానే ఆమెకు అర్థమైపోయింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. అందరికీ తెలిసిన లెక్క ఒకటే. ఏడుకి పోవలసింది తొమ్మిదికి పోయింది, తొమ్మిదికి పోవలసింది ఏడుకి వచ్చింది, చీటీలు మాత్రం మూతల మీద సరిగ్గానే ఉన్నాయి. అంటే బండి మీద ఎవరో మూతలు తీసి చూసి, తిరిగి పెట్టేటప్పుడు అటుదిటు ఇటుదటు చేశారు. బండి తోసేది ఎవరు? ఆమె మూతలు తుడుస్తూనే ఉంది. తుడిచినవే మళ్ళీ తుడిచింది. నోరు తెరవలేకపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా తెరవలేదు.

గురువారం మధ్యాహ్నం డైటీషియన్ మేడమ్ ఒక కాగితం తెచ్చి మూతల పక్కన పెట్టింది. "నిన్నటి సంగతి మీద అందరి దగ్గరా తీసుకుంటున్నాం. ఇక్కడ పెట్టక్కా," అని వేలితో చోటు చూపించింది. పళ్ళేలక్క తడి చెయ్యి ఆప్రానుకు తుడుచుకుని తన పేరు గీసింది. పదకొండేళ్ళుగా కాగితాలన్నిటి మీదా అలాగే గీస్తోంది. ఏం రాశారని అడిగితే చదువుకోమంటారు.

సాయంత్రం బట్టలు మార్చుకునే గది బయట నిదానం నిలబడి ఉన్నాడు.

"శనివారం నుంచి రానక్కర్లేదన్నారక్కా," అన్నాడు.

ఆమె సంచీ సర్దుకుంటున్నట్టు తల వంచుకుంది.

"నువ్వు రాసిచ్చిన కాగితం కూడా చూపించారు."

"నేనేం రాసిచ్చాను?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. "నేను బండి దగ్గర మూతలు తీసి చూడడం నువ్వు కళ్ళారా చూశావని. కింద నీ సంతకం ఉంది."

వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు. అతనికి కోపం ఉన్నట్టు లేదు. ఏదో లెక్క తేలనివాడిలా ఉన్నాడు.

"మంగళవారం నీకు చీటీలన్నీ నేనే చదివాను కదక్కా," అన్నాడు. "మరి నిన్న ఎవరు చదివారు?"

"కళ్ళజోడు బాగుచేసి ఇచ్చారు."

"అలాగా," అన్నాడు నిదానం. "వస్తానక్కా," అని వెళ్ళిపోయాడు.

*

ఇంట్లో ఉండేది ఇద్దరే, తనూ అత్తగారూ. ఆవిడ పాత స్వెట్టరు ఒకటి విప్పుతోంది. కోడలు రాగానే ఎదురుగా కూర్చోబెట్టి, చేతులు రెండూ చాపమని, ఊలు దారం వాటికి చుట్టడం మొదలుపెట్టింది. చేతులు అలా కట్టేసి ఉండగానే పళ్ళేలక్క జరిగిందంతా చెప్పింది.

"నోరు మూసుకుని ఉండు," అంది అత్తగారు. "అతనికి ఇంకో ఆసుపత్రి దొరుకుతుంది. నీకు యాభై దగ్గర పడుతున్నాయి. నిన్నెవరు పెట్టుకుంటారు?"

"నేను చూశానని రాశారు అత్తయ్యా. నేను చూడలేదు."

"నువ్వు రాయలేదుగా."

"సంతకం నాదే."

అత్తగారు కాసేపు దారం చుట్టింది. "ఏం రాశారో అడగనే లేదా?"

"లేదు."

"ఇలా ఎన్నిటి మీద పెట్టావు?"

"లెక్కలేదు."

"అయితే నా మీద కూడా ఎక్కడో ఏదో రాసిచ్చే ఉంటావు," అంది ఆవిడ. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే పళ్ళేలక్కకు ఏడుపు వచ్చింది. చేతులకు ఊలు ఉండడం వల్ల కళ్ళు తుడుచుకోవడం కుదరలేదు. అత్తగారే తన కొంగుతో తుడిచింది. "చెప్తే వరస మీంచి తీసేస్తారు, తెలుసుగా," అంది.

"తెలుసు."

"నా కళ్ళజోడు మాత్రం తెచ్చి ఇచ్చెయ్," అంది అత్తగారు.

శుక్రవారం మధ్యాహ్నం వరసకు ఇంకా గంట ఉండగా పళ్ళేలక్క డైటీషియన్ మేడమ్ గదిలోకి వెళ్ళి బల్ల ముందు నిలబడింది.

"నిన్నటి కాగితం మార్చాలి మేడమ్. నిదానం మూతలు తీయలేదు. ఏడుకి రొట్టె పెట్టింది నేనే."

"నువ్వెందుకు పెడతావు అక్కా? చీటీలో గుజ్జు అని స్పష్టంగా ఉంది. నేను ప్రోగ్రాములో కూడా చూశాను."

"ఉంది. నాకు చదవడం రాదు."

మేడమ్ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, బల్ల మీదున్న చీటీ ఒకటి ఆమె వైపు తిప్పింది.

"ఇరవై రెండో మంచం," అంది పళ్ళేలక్క. "ఆ పైన నాకు తెలియదు."

"మరి పదకొండేళ్ళు?"

పళ్ళేలక్క గీతల సంగతి చెప్పింది. మేడమ్ నమ్మలేదు. బీరువా తీసి, పోయిన నెల చీటీలు గుచ్చిన తీగ బయటికి లాగింది. ఒకటి పైకెత్తి పట్టుకుంది. మధ్యలో బల్ల ఉంది, కిటికీ వెలుతురు చీటీ వెనకనుంచి పడుతోంది.

"ఉప్పు లేదు," అంది పళ్ళేలక్క.

ఇంకోటి.

"మామూలు."

ఇంకోటి.

"గుజ్జు."

మేడమ్ ఒక్కో చీటీనీ తిప్పి తను చదువుకుంది. పన్నెండో చీటీ దగ్గర ఆపి, తీగను బల్ల మీద పెట్టింది. మూడేళ్ళుగా రోజూ ఆ చీటీలు చూస్తున్న మనిషి, వాటికి చుట్టూ గీతలు రకరకాలుగా ఉన్నాయని ఆవిడకు ఇప్పుడే తెలిసింది.

"నువ్వు నాతో సోమవారం అన్నావు కదూ," అంది చివరికి. "గీతలు కావాలని."

"అన్నాను."

మేడమ్ కొత్త కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. రాసినంతసేపూ తల ఎత్తలేదు. రాయడం అయ్యాక గొంతు సవరించుకుని చదివింది. ఏడో మంచం పళ్ళెం తప్పు తనదేననీ, బండి మనిషికి దానితో సంబంధం లేదనీ, కళ్ళజోడు పగిలినందువల్ల ఆ రోజు చీటీ సరిగ్గా కనపడలేదనీ ఉంది అందులో.

"కళ్ళజోడు నాది కాదు మేడమ్."

"తెలుస్తూనే ఉంది," అంది మేడమ్. "కూర్చో. చెప్పేది విను. ఇలా రాస్తే నిదానం ఉద్యోగం నిలబడుతుంది, నీదీ నిలబడుతుంది. నీకు ఒక హెచ్చరిక ఇచ్చి వదిలేస్తారు. చదవడం రాదని రాశామనుకో, నిన్ను వరస మీద ఉంచలేను. గిన్నెలు కడిగే చోట పెట్టుకోవడానికి కూడా పైవాళ్ళు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటారో లేదో చెప్పలేను. మూడేళ్ళుగా నువ్వేం చూస్తున్నావని నన్నూ అడుగుతారు. దాచడం దేనికి, అది కూడా ఉంది. కంప్యూటరాయన్ని పిలిచి ఈ పూటే పాత గీతలు పెట్టిస్తాను. ఎప్పటిలా నీ పని నువ్వు చేసుకుందువుగాని."

పళ్ళేలక్క కూర్చోలేదు. ఆ మాటలు ఆమెకు చాలా బాగున్నాయి. రాత్రంతా పడుకోకుండా వెతికినా తనకు ఇంత మంచి దారి తట్టలేదు. నిదానం బండి నిదానానికి, తన గరిటె తనకి. జంట గీతలు మళ్ళీ వస్తాయి. ఎవరి మొహమూ చూడలేక తల దించుకోనక్కర్లేదు. ఒప్పుకుందామనే నోరు తెరిచింది.

"మళ్ళీ మెషీను మారుతుంది కదా మేడమ్," అంది. ఆ మాట తనే అన్నదా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"మారినప్పుడు చూద్దాం."

"మారినప్పుడు మీరు ఉండకపోవచ్చు. ఉన్నా నేను మళ్ళీ చెప్పలేను. మొన్న చెప్పలేదుగా. ఒక మనిషి గొంతులో రొట్టె ఇరుక్కుంటే కూడా చెప్పలేదు."

మేడమ్ పెన్ను మూత పెట్టింది, తీసింది. "రాసేస్తే మళ్ళీ తుడవలేను అక్కా."

"రాయండి."

ఆవిడ మొదటి కాగితం చింపి బుట్టలో వేసింది. రెండోది రాయడానికి చాలాసేపు పట్టింది. వంటగదిలోంచి పళ్ళేలు పేరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరు పేరుస్తున్నారో గానీ దబదబా పడేస్తున్నారు. రాయడం అయ్యాక మేడమ్ చదవబోయింది.

"మీరు కాదు మేడమ్," అంది పళ్ళేలక్క. "నిదానాన్ని పిలిచి చదివించండి."

మేడమ్ మొహం ఎర్రబడింది. కాగితం మీద చెయ్యి అలాగే ఉంచి ఆమె వంక చూసింది. పళ్ళేలక్క కూడా చూసింది. నిన్న సంతకం పెట్టమని వేలితో చోటు చూపించిన చెయ్యే అది. కొంతసేపటికి మేడమ్ లేచి, తలుపు తీసి, నిదానాన్ని కేకేసింది.

అతను లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. తనను తిట్టడానికి పిలిచారనుకున్నట్టున్నాడు, చేతులు ముందుకి కట్టుకున్నాడు. మేడమ్ కాగితం అందించింది. అతను తన పేరు ఎక్కడుందో అని ముందు కళ్ళతో వెతికాడు.

"పైకి చదువు తమ్ముడూ," అంది పళ్ళేలక్క. "మొదటి నుంచి."

అతను చదివాడు. "'బుధవారం మధ్యాహ్నం ఏడో మంచం పళ్ళెంలోనూ తొమ్మిదో మంచం పళ్ళెంలోనూ తప్పు తిండి పెట్టింది నేనే. బండి తోసే ఆయన మూతలు తీయలేదు. తీయగా నేను చూడలేదు. నాకు...'" అని ఆగిపోయాడు. కాగితం లోంచి తలెత్తి ఆమె వైపు చూశాడు.

"ఆగకు. చదువు."

"'నాకు చదవడం రాదు. ఇన్నాళ్ళూ చీటీ చుట్టూ ఉన్న గీతల్ని బట్టి తిండి పెట్టాను. గీతలు పోయాక ఎవరికీ చెప్పలేదు. గురువారం నేను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో నాకు తెలియదు. దాన్ని ఎవరూ నాకు చదివి వినిపించలేదు.'"

మేడమ్ కిటికీ వైపు చూస్తోంది. నిదానం కాగితాన్ని బల్ల మీద పెట్టి, మడత పడిన మూలను వేలితో సాపు చేశాడు. మేడమ్ పెన్ను మూత తీసి ముందుకు జరిపింది. పళ్ళేలక్క దాన్ని ముట్టుకోలేదు.

"ఇంకోసారి చదువు తమ్ముడూ," అంది. "సరిగ్గా వినాలి."

అతను మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. అప్పుడు ఆమె పెన్ను తీసుకుని కింద తన పేరు గీసింది.